మళ్లీ పెరిగేదైతే తరగదా? వనరులపై అపోహలు - వాస్తవాలు

వనరుల లెక్కలు చూసేవాళ్లకు పదే పదే ఎదురయ్యే మాట ఒకటుంది: "అది పునరుత్పాదక వనరే కదా, ఎంత వాడినా మళ్లీ వస్తుంది." చేపల గురించీ, అడవుల గురించీ, భూగర్భజలం గురించీ ఇదే మాట. అన్ని అపోహల్లోకీ జనాన్ని ఎక్కువ ముంచింది ఇదే.

మళ్లీ పెరుగుతుంది, నిజమే. ఎంత పెరుగుతుందన్నది మనం మిగిల్చినదాన్ని బట్టి ఉంటుంది. ఒక సరస్సు 1000 టన్నుల చేపకు మించి పోషించలేదనుకోండి. జాగా బాగా ఉంటే ఆ చేప ఏటా 40 శాతం దాకా పెరుగుతుంది, సరస్సు నిండేకొద్దీ ఆ శాతం అదే దామాషాలో తగ్గి 1000 టన్నుల దగ్గర సున్నా అవుతుంది. నిల్వ 800 టన్నులున్నా, 200 ఉన్నా ఏడాదికి కొత్తగా వచ్చేది 64 టన్నులే. 500 ఉన్నప్పుడు 100 వస్తాయి, గరిష్ఠం అదే. ఇప్పుడు 500 దగ్గర మొదలుపెట్టి, ఏటా 100కు బదులు 110 పట్టండి. ఎక్కువ తీసింది పది టన్నులే. పదేళ్లు గడిచినా ఇంకా 387 ఉంటాయి, ఎవరికీ అనుమానం రాదు. 15 ఏళ్లకు 293. 20 ఏళ్లకు 89. 22వ ఏట పట్టడానికి 110 టన్నులుండవు. నిల్వ తగ్గేకొద్దీ పెరుగుదలా తగ్గుతుంది, పట్టేది మాత్రం తగ్గదు. అందుకే చివర్లో ఒక్కసారిగా కుప్పకూలుతుంది.

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేపకు జరిగింది ఇలాంటిదే. 1968లో 8 లక్షల టన్నులకు పైగా పట్టారు. 1992 జులైలో వేట నిషేధించారు, సుమారు 30 వేల మందికి ఉపాధి పోయింది. ఆ నిషేధం ఎత్తేసింది 2024లో, అదీ చిన్న కోటాతో. ముందే ఎందుకు తెలియలేదంటే, నిల్వ అంచనాలు పడవలకు దొరికే చేపను చాలావరకు నమ్ముకున్నాయి. కాడ్ తగ్గేకొద్దీ గుంపులుగా ఒకచోట చేరింది. ఆ గుంపులను వెతికి పట్టే సాధనాలు పడవల్లో ఉన్నాయి కాబట్టి వల నిండుతూనే ఉంది.

కాబట్టి వల బరువు చూసి నిల్వను అంచనా కట్టొద్దు. ఏటా అవే చోట్ల, అదే వలతో విడిగా సర్వే చేయాలి. పట్టిన చేపలో పెద్ద వయసువాటి వాటా పడిపోతోందా అని చూడాలి. కోటాను గరిష్ఠ పెరుగుదల కంటే తక్కువగా పెట్టాలి, ఎందుకంటే ఆ గరిష్ఠం కూడా అంచనాయే. భూగర్భజలమైతే ఏటా ఒకే నెలలో, పంపు ఆపి నీటిమట్టం నిలకడకు వచ్చాక కొలవాలి. బోరు పోస్తోందంటే నీరున్నట్టు కాదు, లోతుకు దించిన పంపు కూడా పోస్తుంది.

"చమురు ఇంకా ఇన్నేళ్లే" అని భయపడేవాళ్లను తప్పుపట్టలేం, ఆ అంకె అలాగే వినిపిస్తుంది. అది నిరూపిత నిల్వను ఏటి ఉత్పత్తితో భాగించగా వచ్చింది, అంతే. 1980లో సుమారు 30 ఏళ్లు అన్నారు. 2020లో సుమారు 50 వచ్చింది. నిరూపిత నిల్వ అంటే నేటి ధరకు, నేటి సాంకేతికతకు లాభంగా తీయగలిగినది. ధర పెరిగితే అదీ పెరుగుతుంది. దాన్ని గడువు తేదీగా ప్రచారం చేయడం తప్పు.

"గని అమ్మకం డబ్బంతా ఆదాయమే" అన్నదీ తప్పే. జీడీపీ అలాగే లెక్కేస్తుంది, తరిగిన గనిని తీసేయదు. పదేళ్లలో అయిపోయే గని ఏటా 100 రూపాయలు ఇస్తోందనుకోండి. పెట్టుబడిపై ఏటా 5 శాతం రాబడి వస్తే అందులో 39 మాత్రమే ఖర్చు పెట్టుకోవచ్చు. మిగతా 61 పెట్టుబడి పెడితే, గని మూతపడ్డాక కూడా ఆ 39 ఏటా వస్తూనే ఉంటుంది. నార్వే చమురు నిధికి 1990లో చట్టం చేసి, 1996లో మొదటి సొమ్ము వేసింది. పసిఫిక్ ద్వీపదేశం నౌరులో ఎరువుల ఖనిజం ఫాస్ఫేట్ తరిగింది, దాన్ని అమ్మి ట్రస్టులో దాచిన సొమ్మూ కరిగింది.

రీసైక్లింగ్ ఒక్కటే సరిపోతుందనేవాళ్లకు: అల్యూమినియంలో దానివల్ల 95 శాతం దాకా శక్తి మిగులుతుంది, తప్పక చేయాల్సిందే. కానీ వాడకం ఏటా 3 శాతం పెరుగుతూ, లోహం భవనాల్లో 40 ఏళ్లు ఉండిపోతే, ఇప్పుడు తిరిగొచ్చేది 40 ఏళ్ల కిందట వాడిన కొద్దిపాటిదే. ఆ పాతదంతా ఒక్క గ్రాము పోకుండా తిరిగొచ్చినా ఈ ఏటి అవసరంలో 31 శాతానికే సరిపోతుంది. మిగతాది గనిలోంచే రావాలి.