నాలుగో ఘాతం మహిమ

పలాస నుంచి ఒక తల్లి అడిగారు. జీడిపిక్కలు కాల్చే పొగ తగిలితే చాలు, ఉబ్బసం (ఆస్తమా) ఉన్న వాళ్ళ అబ్బాయికి ఆయాసం వస్తుందట. "ఇన్‌హేలర్ అలవాటైపోతుందంటున్నారు, మాత్రతో సరిపెట్టకూడదా?" అని సందేహం.

ఉబ్బసంలో సన్నబడేవి ఊపిరి గొట్టాలు. నేరుగా గొట్టాల దగ్గరికి వెళ్దాం. ఉద్దానం కొబ్బరిబొండాంలో స్ట్రా వేసి నీళ్ళు పీల్చండి. స్ట్రా వ్యాసం సగమైతే, అన్నే నీళ్ళు రావడానికి ఎంత బలం కావాలి? రెండింతలు కాదు, పదహారింతలు! నిలకడగా సాగే ప్రవాహానికి ఎదురయ్యే నిరోధం వ్యాసార్ధం నాలుగో ఘాతానికి (దాన్ని నాలుగుసార్లు వేసి గుణిస్తే వచ్చేదానికి) విలోమంగా మారుతుందని ఫ్రెంచి వైద్యుడు ప్వాజయ్ 1840లలో తేల్చాడు. 20 శాతం సన్నబడినా నిరోధం దాదాపు రెండున్నర రెట్లు. ఈ సూత్రాన్ని పరీక్షకు బట్టీ పట్టిస్తాం, ఊపిరితో ముడిపెట్టి చెప్పడం మాత్రం అరుదు.

స్ట్రా మెత్తటిదైతే? చుట్టూ నొక్కిన కొద్దీ ముడుచుకుంటుంది. బలంగా ఊపిరి వదిలినప్పుడు ఛాతీలోని ఒత్తిడి శ్వాసనాళాలను అలాగే నొక్కుతుంది. పాత గాలి పోదు, కొత్త గాలికి చోటుండదు. "గాలి అందడం లేదు" అంటాడు రోగి. చిక్కంతా వదలడంలోనే ఉంది.

ఇదే లెక్క మనవైపూ పనిచేస్తుంది. గొట్టం పది శాతం వెడల్పయితే గాలి 46 శాతం ఎక్కువ పారుతుంది. ఇన్‌హేలర్‌లోని సాల్బుటమాల్ అనే మందు ఊపిరి గొట్టం చుట్టూ ఉన్న కండరాన్ని నిమిషాల్లో సడలిస్తుంది. ఒక పఫ్‌లో, అంటే ఒక్కసారి నొక్కితే వచ్చే మందు 100 మైక్రోగ్రాములే. పెద్దలు వేసుకునే 4 మిల్లీగ్రాముల మాత్ర 40 పఫ్‌లకు సమానం! పైగా అది ఒళ్ళంతా తిరిగి గుండెదడ, చేతుల వణుకు తెస్తుంది. ఏది ఎక్కువ మందో మీరే చెప్పండమ్మా. మృగశిర కార్తెకు హైదరాబాదు రైలెక్కే చేపమందు భక్తులకూ ఒక మాట: మింగిన చేప చేరేది కడుపులోకే.

అయితే గొట్టం లోపలి పొర వాపును సాల్బుటమాల్ తగ్గించదు. దానికి బుడెసొనైడ్ వంటి పీల్చే స్టిరాయిడ్‌ను డాక్టరు చెప్పినట్టు వాడాలి, వాడాక నోరు పుక్కిలించాలి. ఆపితే ఆయాసం తిరిగి రావడం అలవాటు వల్ల కాదు, జబ్బు వల్ల.

ఆయాసం ఉధృతమైతే నిటారుగా కూర్చోబెట్టి, స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే బోలు గొట్టంతో) సాల్బుటమాల్ నాలుగు పఫ్‌లు ఒక్కొక్కటిగా ఇవ్వండి. ఒక్కో పఫ్‌కు నాలుగు శ్వాసలు. 4 నిమిషాలాగి, తగ్గకపోతే మళ్ళీ నాలుగు. అప్పటికీ తగ్గకపోతే 108. వాక్యం పూర్తిచేయలేకపోయినా, పెదవులు నీలంగా మారినా ముందే ఫోన్ చేయాలి. పిల్లికూతలు ఆగి పిల్లవాడు వాలిపోతుంటే నెమ్మదించిందనుకోవద్దు. కూత పుట్టించేంత గాలి కూడా పారడం లేదన్నమాట. 108 వచ్చేవరకు నాలుగేసి పఫ్‌లు ఇస్తూనే ఉండాలి.