రింగాల్ బుట్ట వెనుక నూట ముప్పై ఏళ్ల అడవి తగాదా

ఉత్తరాఖండ్ కొండల్లో పెరిగే సన్న వెదురు రింగాల్. దానితో అల్లే హస్తకళకు 2021లో జీఐ (భౌగోళిక గుర్తింపు) ట్యాగ్ వచ్చింది. మున్స్యారీ రాజ్మా, ఐపణ్ ముగ్గులు, తామ్టాలనే రాగి పనివారి సామాను కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మిగతావాటి సంగతి ఎలా ఉన్నా, రింగాల్ విషయంలో ఇది కాస్త విచిత్రమైన గుర్తింపు. బుట్టకు పేరొచ్చింది. ఆ బుట్ట అల్లడానికి కావాల్సిన గెడను అడవిలో కొట్టుకునే హక్కు ఎవరిదన్న తగాదా మాత్రం తేలలేదు. ప్లాస్టిక్ వచ్చి ఈ వృత్తిని చంపేసిందని తేలిగ్గా అనేస్తుంటారు. నిజానికి ప్లాస్టిక్ చివరి దెబ్బ. మొదటి దెబ్బలు అంతకు చాలా ముందే పడ్డాయి.

రింగాల్ వెదురు జాతిదే, కానీ మన వైపు కనిపించే లావాటి బొంగులా ఉండదు. గెడ వేలి మందాన ఉంటుంది, ఎత్తు మహా అయితే రెండు మూడు నిలువులు. సుమారు 1,000 మీటర్ల ఎత్తు నుంచి 3,000 మీటర్లు దాటేదాకా, పెద్ద చెట్ల నీడలో పొదలుగా పెరుగుతుంది. దేవ్ రింగాల్, గోల్ రింగాల్, థామ్, జమూరా అని ఊళ్లవాళ్లు రకాలు చెబుతారు. మరీ లేత గెడ పనికిరాదు, బాగా ముదిరింది చీలిస్తే విరుగుతుంది. అందుకే వయసు చూసి కొట్టాలి. వానలు వెళ్లాక కొట్టి, పచ్చిగా ఉండగానే కొడవలితో నిలువునా చీల్చి సన్నటి బద్దలు తీస్తారు. అల్లిన సామానుకు పొయ్యి పొగ పట్టిస్తే పురుగు దరిచేరదు.

కొండ సేద్యం మొత్తం ఈ బద్దల మీదే నడిచింది. మెట్లు మెట్లుగా ఉండే పొలాల్లోకి బండి పోదు కాబట్టి ఎరువైనా, గడ్డైనా, కట్టెలైనా వీపు మీదే మోయాలి. అందుకు రాష్ట్రంలోని రెండు ప్రాంతాల్లో, గఢ్వాల్‌లో సోల్టా, కుమావూలో డోకా అనే బుట్టలున్నాయి. ధాన్యం ఆరబోయడానికి మోస్టా చాప, చెరగడానికి సూపా, అంటే మన చేట. పిల్లలు నల్లటి చెక్క పలక మీద తెల్లమట్టి నీళ్లతో అక్షరాలు దిద్దుకున్న కలం కూడా రింగాల్ పుల్లే.

అల్లేవాళ్లను గఢ్వాల్‌లో రుడియాలని, కుమావూలో బారుడీలని పిలిచేవారు. అంటరానివాళ్లుగా చూసిన కులాలు ఇవి. కూలి డబ్బు రూపంలో ఉండేది కాదు. పంట నూర్చాక ప్రతి ఇంటి నుంచీ కొంత ధాన్యం ఇచ్చేవారు. గఢ్వాల్‌లో దాన్ని డడ్వార్ అంటారు. ఎంత పెట్టాలో పెట్టేవాళ్ల ఇష్టం. మన మేదరులకు ఈ లెక్క కొత్తగా చెప్పనక్కర్లేదు. అల్మోడాలో రాగి పనివారి కుటుంబంలో పుట్టిన హరిప్రసాద్ తామ్టా ఈ వృత్తికులాలన్నిటికీ ‘శిల్పకార్’ అనే గౌరవమైన పేరు కోసం ఏళ్ల తరబడి పోరాడారు. 1930ల తొలినాళ్లలో ప్రభుత్వం ఆ పేరును అంగీకరించింది. పేరు మారింది గానీ, డడ్వార్ పద్ధతి అంత త్వరగా మారలేదు.

అడవి చేజారడం 1893లో మొదలైంది. ఆ ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం కుమావూలో సర్వేలో కొలవని భూమి మొత్తాన్ని రక్షిత అడవిగా ప్రకటించింది. 1911 నుంచి 1917 దాకా సాగిన అటవీ సెటిల్‌మెంట్‌లో, అంటే అడవి హద్దులు, హక్కులు తేల్చే పనిలో, సుమారు 3,000 చదరపు మైళ్లు రిజర్వు అడవి అయిపోయింది. రైల్వే స్లీపర్లకు పనికొచ్చే కలప, రెజిన్ ఇచ్చే చీడ్ పైన్ మీదే అధికారుల కన్ను. రింగాల్ పొద వాళ్ల లెక్కలో లేదు, కానీ అదే కంచె లోపల చిక్కుకుపోయింది.

జనం ఊరుకోలేదు. 1921 సంక్రాంతికి బాగేశ్వర్ ఉత్తరాయణి జాతరలో వెట్టికూలీల రిజిస్టర్లను సరయూ నదిలో పారేశారు. దాన్‌పుర్ వైపు అల్లికదారులు ఏటా చాపలు, బుట్టలు తెచ్చి అమ్ముకునే జాతర కూడా ఇదే. ఆ వేసవిలో చీడ్ అడవులు తగలబడ్డాయి, చాలాచోట్ల జనమే నిప్పు పెట్టారు. ప్రభుత్వం కమిటీ వేసి కొంత సడలించింది, 1931లో వన పంచాయతీలకు, అంటే ఊరి అడవిని ఊరివాళ్లే చూసుకునే సంఘాలకు, నిబంధనలు వచ్చాయి. ఇవాళ రాష్ట్రంలో అవి 11,000కు పైగా ఉన్నాయి. మంచి ఏర్పాటే, కాదనను. అయితే అక్కడ మాట చెల్లింది ఎక్కువగా భూమి ఉన్న రైతు కుటుంబాలకే. సెంటు భూమి లేని అల్లికదారుడు గెడ కోసం వాళ్లనే అడగాల్సి వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా తీరు మారలేదు. 1973లో గోపేశ్వర్‌లో చండీప్రసాద్ భట్ నడిపే సంఘం నాగలి సామాను కోసం కాసిని అంగూ చెట్లు అడిగితే అటవీ శాఖ కాదంది. అవే చెట్లను క్రీడా పరికరాల కంపెనీకి ఇచ్చింది. చెట్లను కౌగిలించుకుని నరకకుండా ఆపిన చిప్కో ఉద్యమం అక్కడే రాజుకుంది. 1982లో నందాదేవి నేషనల్ పార్క్ అయ్యాక నీతీ లోయ ఊళ్లవాళ్లకు పై అడవులు మూసుకుపోయాయి.

ఇక చట్టం సంగతి. 1927 అటవీ చట్టం వెదురును చెట్ల లెక్కలో వేసింది. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం దాన్ని చిన్నతరహా అటవీ ఉత్పత్తి అంది. 2017 నవంబరులో పాత చట్టాన్ని సవరించి, అటవీ భూమి కాని చోట పెంచిన వెదురుకు చెట్టు హోదా తీసేశారు. పొలంలో వెదురు వేసుకునే రైతుకు, తెలుగు రాష్ట్రాల్లోనైనా సరే, ఇది మేలే. రింగాల్ అల్లేవాళ్లకు దీనివల్ల ఒరిగింది తక్కువ. వాళ్ల గెడ పెరిగేది అడవిలోనే కదా!

ఇంతలో కొనేవాళ్లు కూడా తగ్గిపోయారు. 2001, 2011 జనాభా లెక్కల మధ్య అల్మోడా, పౌడీ జిల్లాల్లో జనాభా పెరగకపోగా తగ్గింది. మెట్ల పొలాలు బీడుపడ్డాక సోల్టా ఎవరికి కావాలి? ఇప్పుడు రింగాల్‌తో లాంప్‌షేడ్లు, పూలబుట్టలు, కేదార్‌నాథ్ గుడి నమూనాలు చేసి యాత్రికులకు, నగరాలకు అమ్ముతున్నారు. చేతిలో నాలుగు డబ్బులు కనిపిస్తున్నాయి, అది చిన్న విషయం కాదు. కాకపోతే టూరిస్టు సీజన్ దెబ్బతింటే ఆ ఏడాది టెన్షనే.

గెడ మీద చట్టబద్ధమైన హక్కు కావాలంటే 2006 చట్టం కింద గ్రామసభ దరఖాస్తు పెట్టుకోవాలి. ఉత్తరాఖండ్‌లో అలాంటి సామూహిక హక్కు పత్రాలు అందిన ఊళ్లు చాలా తక్కువ. వన పంచాయతీలు ఉన్నాయిగా, ఇంకా ఎందుకన్న వాదన ఒకటి ఉంది. కానీ వన పంచాయతీ హద్దు చాలాచోట్ల ఊరి దగ్గరి అడవితోనే ఆగిపోతుంది. మంచి రింగాల్ ఎక్కువగా దొరికేది ఇంకా పైన, రిజర్వు అడవిలో.