మొదటిది సిజేరియన్ అయితే రెండోది నార్మల్ కాదా? అపోహలు - వాస్తవాలు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ఏ రాష్ట్రంలోనూ ఇంత లేదు. అందుకే హైదరాబాద్‌లో నా ఓపీకి రెండో కాన్పుకని వచ్చేవాళ్లలో చాలామంది ముందే తీర్మానించుకుని వస్తారు, "మళ్లీ ఆపరేషనే కదా మేడమ్" అని.

అపోహ: ఒకసారి కోస్తే ప్రతిసారీ కోయాల్సిందే.
ఇది గర్భసంచిని నిలువుగా కోసే రోజుల నాటి మాట. ఇప్పుడు దాదాపు అందరికీ కింది భాగంలో అడ్డంగా కోస్తున్నారు. అలాంటి కోత ఒక్కటే ఉండి, వేరే ఇబ్బందేమీ లేకపోతే, ప్రయత్నించిన నలుగురిలో సుమారు ముగ్గురికి నార్మల్ అవుతుంది. మొదటిసారి బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని ఆపరేషన్ చేసి ఉంటే, ఈసారి తల కిందికే ఉంటే, ఆ కారణం ఇప్పుడు లేనట్టే కదా!

అపోహ: పొట్ట మీద కుట్టు అడ్డంగానే ఉంది, పర్లేదు.
చర్మం మీద కోత వేరు, లోపల గర్భసంచి మీద కోత వేరు. నెలలు బాగా తక్కువున్న బిడ్డను తీసేటప్పుడు ఒక్కోసారి లోపల నిలువుగా కోయాల్సి వస్తుంది, బయటికి తెలియదు. అందుకే ఆపరేషన్ నోట్స్ అడుగుతాను. మొదటి కాన్పు పుట్టింట్లో కాబట్టి కాగితాలు కరీంనగర్‌లోనో ఖమ్మంలోనో అమ్మ బీరువాలో ఉండిపోతాయి, దొరికినా డిశ్చార్జ్ కార్డు మీద "ఎల్‌ఎస్‌సీఎస్" (గర్భసంచి కింది భాగంలో కోసిన సిజేరియన్) అని తప్ప ఏమీ ఉండదు. మూడో నెలలోనే ఆ ఆసుపత్రికి ఎవరినైనా పంపి కేస్ షీట్ జిరాక్స్ తెప్పించుకోండి. ఎందుకు కోశారు, గర్భసంచి ముఖద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకున్నాక కోశారు, కోత పక్కకు చీలిందా, ఇవన్నీ అందులోనే ఉంటాయి.

అపోహ: నొప్పులొస్తే కుట్లు విడిపోతాయి.
నొప్పులు వాటంతటవే వచ్చినప్పుడు సుమారు 200 మందిలో ఒకరికి అలా జరుగుతుంది. అరుదే, కానీ జరిగితే తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. చాలాసార్లు మొదట తేడా కనిపించేది బిడ్డ గుండె చప్పుడులోనే, కాబట్టి నొప్పులు పడుతున్నంతసేపూ మానిటర్ ఉండాలి. అర్ధరాత్రయినా ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టరు, రక్తం సిద్ధంగా ఉంటాయా అని పేరు రాయించుకునే ముందే అడగండి. ఫోన్ చేస్తే మత్తు డాక్టరు ఊరి అవతలి నుంచి ట్రాఫిక్‌లో రావాల్సిన చోట ఈ ప్రయత్నం వద్దు.

ఇక స్కాన్‌లో "కుట్టు పల్చగా ఉంది" అన్నారని టెన్షన్ పడేవాళ్లకు: ఇన్ని మిల్లీమీటర్లుంటే చాలు, తగ్గితే ఆపరేషనే అని అందరూ ఒప్పుకున్న లెక్కేదీ లేదు.

అపోహ: ఆముదం తాగితే నొప్పులు త్వరగా వస్తాయి.
దయచేసి వద్దు. పాత కుట్టున్న గర్భసంచికి ఇంటి వైద్యం పనికిరాదు. మిసోప్రోస్టాల్ మాత్రతో నొప్పులు తెప్పించడం కూడా ఇలాంటివాళ్లకు మేం చేయం.

ముహూర్తం చూసి ఆపరేషన్ చేయించాలనే సంగతి అత్తగారితో ఏడో నెలలోనే మాట్లాడుకోండి, తొమ్మిదో నెలలో పేచీ పెట్టుకోవద్దు.

ప్రయత్నించాక ఆపరేషన్ అవసరమైతే రెండు బాధలూ పడ్డట్టే కదా అంటారు. కొందరికి అలా అవుతుంది, ముందే అనుకుని చేసే ఆపరేషన్ కంటే అందులో ఇబ్బందులు కాస్త ఎక్కువే. కానీ ఇంకో బిడ్డ కావాలనుకుంటే ఇదీ చూడండి: ఆపరేషన్ల సంఖ్య పెరిగేకొద్దీ మాయ పాత కోతలోకి పాతుకుపోయే ప్రమాదం పెరుగుతుంది.

నొప్పికీ నొప్పికీ మధ్య కూడా కుట్టు దగ్గర నొప్పి తగ్గకపోయినా, రక్తం పోతున్నా, బిడ్డ కదలిక తగ్గినా, తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా వెంటనే బయల్దేరండి.