మిరియాల పొల్లు పురుగు: అపోహలు - వాస్తవాలు

అపోహ: పొల్లు పురుగు శాస్త్రీయ నామం లాంగిటార్సస్ నైగ్రిపెన్నిస్.

మిరియపు గింజను తొలిచి బోలుగా చేసే ఈ చిన్న గెంతు పెంకుపురుగు గురించి పుస్తకాలు చాలాకాలం అలాగే రాశాయి, కానీ ఆ గుర్తింపు తప్పు. కీటక శాస్త్రవేత్తలు ప్రతాపన్, విరక్తమఠ్ దీన్ని వేరే ప్రజాతిలో (జీనస్) కొత్త జాతిగా వర్ణించి లంకా రామకృష్ణై అని పేరు పెట్టారు. పాత పరిశోధనలు కావాలంటే రెండు పేర్లతోనూ వెదకండి.

అపోహ: రంగు చూసి పోల్చుకోవచ్చు.

తల, ఛాతీ పసుపు గోధుమ రంగు, రెక్కల తొడుగులు నలుపు, పొడవు సుమారు 2.5 మి.మీ. ఇలా కనిపించే గెంతు పెంకుపురుగులు ఎన్నో ఉన్నాయి. మొదట వెనక కాలును చూడండి. టార్సస్‌లో (పాదం) మొదటి కణుపు టిబియాలో (పిక్క భాగం) సగం కన్నా పొడవు లేకపోతే అది లాంగిటార్సస్ కాదు. ఎండిపోయిన నమూనాను పట్టకారుతో లాగితే ముందు ఊడేవి ఆ కాళ్లే. అందుకే 70 శాతం ఆల్కహాల్‌లో వేయాలి.

జాతి తేలాలంటే మగ పురుగు జననాంగం చూడాల్సిందే. పొట్ట భాగం విడదీసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో రాత్రంతా ఉంచి, నీటిలో కడిగి, గ్లిజరిన్ చుక్కలో పరిశీలించాలి. తొందరపడి మరిగిస్తే పలుచని పొరలు కరిగిపోతాయి. ఆడ పురుగుల్లో స్పెర్మథీకా (వీర్యం నిల్వ ఉండే సంచి) ఇలాగే చేజారుతుంది. చీటీ మీద ఊరు, తేదీ, మొక్క పేరు రాయండి. పురుగు ఆ మొక్కను తింటోందా, ఊరికే వాలిందా అన్నది కూడా రాయాలి. చాలామంది వదిలేసేది ఇదే, తర్వాత ఎవరూ పూరించలేనిదీ ఇదే.

అపోహ: గెంతు పెంకుపురుగులది ప్రత్యేక ఉపకుటుంబం.

పాత వర్గీకరణ అది. ఇప్పుడు వీటిని గాలెరూసినే ఉపకుటుంబంలో ఆల్టిసిని తెగగా లెక్కిస్తున్నారు.

అపోహ: లార్వాలు వేర్లు తింటాయి, మందు నేలకే వేయాలి.

లాంగిటార్సస్ లార్వాలు ఎక్కువగా వేర్లనే తింటాయి. పాత పేరు తెచ్చిన చిక్కు ఇక్కడే. పొల్లు పురుగు లేత గింజ మీద గుడ్డు పెడుతుంది. లార్వా లోపలికి తొలిచి గుజ్జు తిని, పక్క గింజలోకి పోతుంది. నేలలోకి దిగేది ప్యూపా (కోశస్థ) దశకే. లార్వా గింజలోకి దూరాక పైమందు అందదు. గుబురు నీడ తగ్గించి, లేత గింజల దశలోనే వేప మందు (లీటరుకు 6 మి.లీ.) వెన్నులు తడిసేలా కొట్టాలి.

అపోహ: గింజ నల్లబడి బోలుగా ఉంటే ఈ పురుగే.

ఆంత్రాక్నోస్ అనే శిలీంధ్ర తెగులూ గింజను అలాగే చేస్తుంది. పురుగు ఉధృతి 300 మీటర్ల లోపు ఎత్తున్న నేలల్లో ఎక్కువ. పాడేరు వంటి ఎత్తు ప్రాంతాల్లో ముందు తెగులునే అనుమానించడం మంచిది. గింజ మీద రంధ్రం వెదకండి, చీల్చి చూడండి. రంధ్రం లేకుండా ఆకుల మీద పసుపు అంచు గోధుమ మచ్చలుంటే పురుగుమందు దండగ.