‘పోర్ట్ అయిపోతా’ అంటే దిగొస్తారా? మొబైల్ ప్లాన్ బేరాల్లో అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఒక టెలికాం కంపెనీ రిటెన్షన్ డెస్క్‌లో పనిచేశాను. వెళ్లిపోతానన్న కస్టమర్‌ని ఆపడమే ఆ డెస్క్ పని. మామూలుగా కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే మేం దొరకం. పోర్ట్ కోడ్ (అదే నంబర్‌తో వేరే కంపెనీకి మారడానికి కావాల్సిన కోడ్) తీసుకున్నవాళ్లకు, పోస్ట్‌పెయిడ్ ఆపేయమన్నవాళ్లకు మేమే ఫోన్ చేస్తాం. ఇప్పుడు ఆ పనిలో లేకపోయినా చుట్టాల్లో ఎవరి బిల్లు పెరిగినా ముందు నాకే ఫోన్ వస్తుంది. 2024 జూలైలో జియో, ఎయిర్‌టెల్, వీ (వొడాఫోన్ ఐడియా) మూడూ ఒకదాని వెంట ఒకటి రేట్లు పెంచినప్పుడైతే చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందరూ నమ్మేవి దాదాపు ఇవే.

అపోహ: గట్టిగా అడిగితే ప్రీపెయిడ్‌లో కూడా తగ్గిస్తారు

తగ్గించరు. ప్రీపెయిడ్ ధర అందరికీ ప్రకటించిన ధర. కంపెనీ ఎంతైనా పెట్టుకోవచ్చు గానీ పెట్టిన ధరను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి తెలియజేయాలి. మీ కాల్ తీసుకున్న అమ్మాయి ముందున్న స్క్రీన్‌లో రీచార్జ్ ధర మార్చే వీలు ఉండదు. ఆమెతో అరగంట వాదిస్తే పోయేది మీ అరగంటే.

మరి తమ్ముడి నంబర్‌కి యాప్‌లో ఒక ఆఫర్, మీ నంబర్‌కి ఇంకొకటి ఎందుకు కనిపిస్తున్నాయి? వాటిని సెగ్మెంటెడ్ ఆఫర్లు అంటారు. వాడకం తగ్గినవాళ్లకు, రీచార్జ్ ఆలస్యం చేసేవాళ్లకు, వెళ్లిపోయేలా ఉన్నవాళ్లకు కంపెనీలు విడిగా ఇచ్చేవి ఇవి. వీటి వివరాలు ట్రాయ్ అడగొచ్చా అన్న గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2020 నవంబర్‌లో కోర్టు ట్రాయ్‌కి అనుకూలంగా చెప్పింది. అంటే ఈ ఆఫర్లు నిజంగానే ఉన్నాయి, కాకపోతే అడిగి తెచ్చుకునేవి కావు. అందుకే దుకాణంలో డబ్బు కట్టే ముందు మీ నంబర్‌తో కంపెనీ యాప్‌లోకి వెళ్లి ఒకసారి చూడండి. గడువు తీరాక రెండు మూడు రోజులు ఆగితే ఒక్కోసారి మంచి ఆఫర్ మెసేజ్ వస్తుంది. బ్యాంకు ఓటీపీలు వచ్చే నంబర్‌తో మాత్రం ఈ ఆట వద్దు.

ఇక్కడే ఇంకో మాట. ఊళ్లో కీప్యాడ్ ఫోన్ వాడే నాన్నకి రోజుకి రెండు జీబీ డేటా ఉన్న ప్లాన్ వేయించేవాళ్లు చాలామంది ఉన్నారు. డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాక్ కనీసం ఒకటైనా ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబర్‌లో నిబంధన తెచ్చింది. అలాంటి ప్రత్యేక ప్యాక్‌ల గడువు గతంలో 90 రోజులు మించకూడదు, ఇప్పుడు 365 రోజుల దాకా ఉండొచ్చు. రీచార్జ్ దుకాణంలో ఇవి తమంతట తాముగా చెప్పరు, పేరు పెట్టి అడగాలి. ఎంత బేరమాడినా మిగలనంత డబ్బు ఇందులో మిగులుతుంది.

అపోహ: పోర్ట్ అయిపోతానని బెదిరిస్తే చాలు

ఈ మాట రోజుకు ఎంతమంది అంటారో కాల్ సెంటర్లో ఒక్క షిఫ్ట్ కూర్చుంటే తెలుస్తుంది. మాట విని ఎవరూ ఆఫర్ ఇవ్వరు. సిస్టమ్‌లో కదలిక కనబడితే ఇస్తారు. ఆ కదలికే యూపీసీ, అంటే పోర్ట్ కోడ్.

మీ ఫోన్ నుంచి పోర్ట్ అని ఇంగ్లీషులో టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబర్ కొట్టి 1900కి పంపాలి. అర్హత ఉంటే కోడ్ వస్తుంది. మన దగ్గర అది నాలుగు రోజులు చెల్లుతుంది. ఇక్కడ చాలామందికి అనవసరమైన భయం ఒకటుంది: కోడ్ తీసుకుంటే సిమ్ ఆగిపోతుందేమో అని. ఏమీ ఆగదు. వాడకపోతే ఆ కోడ్ దానంతట అదే చెల్లకుండా పోతుంది, మీరు ఎక్కడున్నారో అక్కడే ఉంటారు. కోడ్ పట్టుకెళ్లి కొత్త కంపెనీ స్టోర్‌లో దరఖాస్తు ఇచ్చాక మనసు మారినా, 24 గంటల్లోపు 1900కే రద్దు మెసేజ్ పంపే వీలుంది.

2019 డిసెంబర్ 16 నుంచి కొత్త పద్ధతి వచ్చింది. అప్పటి నుంచి అర్హతలు సరిచూశాకే కోడ్ ఇస్తున్నారు. నంబర్ తీసుకుని, లేదా కిందటిసారి పోర్ట్ అయ్యి 90 రోజులు దాటాలి. పోస్ట్‌పెయిడ్ అయితే గడువు దాటిన బిల్లు బాకీ ఉండకూడదు. పోయిన సిమ్ బదులు కొత్తది తీసుకుని ఏడు రోజులు కాకపోయినా కోడ్ రాదు. మన నంబర్ మీద వేరేవాళ్లు కొత్త సిమ్ తీసుకునే సిమ్ స్వాప్ మోసాలు ఆపడానికి 2024 జూలై 1 నుంచి పెట్టిన నిబంధన అది. ప్రీపెయిడ్‌లో బ్యాలెన్స్ లేదనో, ప్యాక్‌లో ఎస్సెమ్మెస్‌లు లేవనో 1900కి మెసేజ్ వెళ్లనివ్వకపోవడం కుదరదు. 2021 డిసెంబర్‌లో ట్రాయ్ ఆ సంగతి స్పష్టంగా ఆదేశించింది.

కోడ్ తీసుకున్నాక ఒకటి రెండు రోజుల్లో ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ చేసేది మేమే. మా ముందు మీ సగటు బిల్లు, ఎన్నేళ్లుగా ఉన్నారు, బిల్లు వేళకు కడుతున్నారా, డేటా ఎంత వాడుతున్నారు అన్నవి ఉంటాయి. పక్కన ఆఫర్ల జాబితా ఉంటుంది. మేం సొంతంగా పుట్టించేదేమీ లేదు, ఆ జాబితాలోంచి తీసి ఇవ్వడమే. మా డెస్క్‌లో వరస ఇలా ఉండేది: మొదట కొంచెం అదనపు డేటా, తర్వాత ఓటీటీ, తర్వాత ఉచిత ఆడ్-ఆన్ సిమ్ (అదే బిల్లు మీద ఇంకో నంబర్), చివరగా కొన్ని నెలలపాటు రెంటల్ (ప్లాన్ నెలవారీ అద్దె) తగ్గింపు. కంపెనీకి తక్కువ ఖర్చయ్యేది ముందు, ఎక్కువ ఖర్చయ్యేది చివర. మొదటి ఆఫర్‌కే ‘సరేనండీ’ అన్నవాళ్లకు జాబితాలో మిగతావి ఉన్నాయని కూడా తెలిసేది కాదు.

మరి ఏం మాట్లాడాలి? మా దగ్గర బాగా పనిచేసిన కాల్ రెండు నిమిషాలు కూడా ఉండేది కాదు. “నెలకు ట్యాక్స్‌తో కలిపి ఇంత కడుతున్నానండీ. పక్క కంపెనీ ఇదే డేటాకి ఇంతకే ఇస్తోంది. కోడ్ తీసుకున్నాను, శనివారం స్టోర్‌కి వెళ్తున్నా. రెంటల్‌లో ఏమైనా చేయగలరా?” అంతే, ఆ తర్వాత ఊరుకోవాలి. అవతల మేం జాబితా కిందికి జరుపుతున్నంతసేపు కస్టమర్ మౌనంగా ఉంటే మాకే ఇబ్బందిగా ఉండేది. ఓటీటీ ఇస్తామంటే “వాడనండీ, రెంటలే చెప్పండి” అనండి.

ఒప్పుకునే ముందు మూడు విషయాలు: ఎన్ని నెలలు, ఎంత రేటు, ఆ తర్వాత ఎంత. అదంతా ఎస్సెమ్మెస్‌లో పంపమనండి. మెసేజ్ వచ్చేదాకా కోడ్ చెల్లుబాటులోనే ఉంచుకోండి. ‘సిస్టమ్‌లో అప్‌డేట్ చేశాను, సార్’ అన్న మాట ఆఫర్ కిందికి రాదు.

ఒక జాగ్రత్త కూడా. రిటెన్షన్ డెస్క్‌కి మీ యూపీసీతో గానీ ఓటీపీతో గానీ పనిలేదు. ‘ఆఫర్ యాక్టివేట్ చేయాలి, కోడ్ చెప్పండి’ అని ఎవరైనా అడిగితే ఫోన్ పెట్టేయండి.

అపోహ: పాత కస్టమర్‌కి మంచి డీల్ దొరుకుతుంది

పదేళ్లుగా ఒకే నంబర్, ఒకే కంపెనీ, ఏనాడూ బిల్లు ఆలస్యం లేదు, ఎప్పుడూ ఫోన్ చేసి ఏమీ అడగలేదు. కంపెనీ లెక్కల్లో ఈయనకి ఆఫర్ ఇవ్వాల్సిన అవసరమే లేదు, ఎందుకంటే ఈయన ఎక్కడికీ పోడు. ఎప్పుడో పాత ప్లాన్‌లో చేరి అందులోనే ఉండిపోయినవాళ్లు, అదే డబ్బుకి కొత్తగా చేరినవాళ్లకంటే తక్కువ డేటా తీసుకోవడం నేను చాలా చూశాను. ఇలాంటివాళ్లకి బేరం కూడా అక్కర్లేదు. యాప్‌లో ఇప్పటి ప్లాన్‌లు చూసి మార్చుకుంటే సరిపోతుంది.

కదిలే కస్టమర్‌కి మాత్రం పాతదనం పనికొస్తుంది. వేళకు కట్టే పాత కస్టమర్ కోడ్ తీసుకుంటే అతని పేరు మా జాబితాలో పైకి వచ్చేది. దానికన్నా బరువైనది మొత్తం బిల్లు. ఒంటరి కనెక్షన్ అయితే ఇచ్చేదానికి ఒక హద్దు ఉంటుంది. ఒకే బిల్లు మీద భార్య, పిల్లలు, అమ్మ నంబర్లు కూడా ఉంటే నాలుగు సిమ్‌లూ ఒకేసారి పోతాయి కాబట్టి ఎక్కువ జాగ్రత్తగా మాట్లాడమని మాకు చెప్పేవారు. ఆడ్-ఆన్ సిమ్ అద్దె దగ్గర బేరం తెగినంత తేలిగ్గా అసలు ప్లాన్ రెంటల్ దగ్గర తెగదు.

అపోహ: నెలాఖరులో టార్గెట్ల కోసం ఎక్కువిస్తారు

కార్ల షోరూంలో నిజమేమో. మా జాబితా ఒకటో తేదీనా అదే, ముప్పయ్యో తేదీనా అదే. మీరు చూడాల్సింది మీ బిల్ సైకిల్. బిల్లు వచ్చి, కట్టేసిన వెంటనే కోడ్ తీసుకుంటే బాకీ పేరుతో తిరస్కరించే సందు ఉండదు.

అపోహ: ప్రీపెయిడ్ 349, పోస్ట్‌పెయిడ్ 449, తేడా వందే

ప్రీపెయిడ్ ధరలో జీఎస్టీ కలిసే ఉంటుంది. పోస్ట్‌పెయిడ్ రెంటల్‌కి 18 శాతం పైన పడుతుంది. 449 కాస్తా బిల్లులో 529.82 అవుతుంది. ప్రీపెయిడ్‌లో మెలిక ఇంకోటి. 28 రోజుల ప్యాక్ ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు వేయించాలి. 349 చొప్పున పదమూడు సార్లంటే 4,537 రూపాయలు, నెలకు సుమారు 378. ఇలా ఏడాది లెక్కలో పోల్చుకుని ఫోన్ ఎత్తినవాళ్లని మాటలతో తిప్పడం కష్టం. 30 రోజుల గడువు ప్యాక్ ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి పడేది ఒకటి కచ్చితంగా ఉండాలని ట్రాయ్ 2022 జనవరిలో చెప్పింది. ఆ రేటు కూడా పక్కన పెట్టి చూడండి.

అపోహ: బీఎస్‌ఎన్‌ఎల్‌కి పోతానంటే హడలిపోతారు

2024 జూలై పెంపు తర్వాత కొన్ని నెలలు జనం నిజంగానే బీఎస్‌ఎన్‌ఎల్‌కి వెళ్లారు. కానీ మీ వీధిలో ఏ నెట్‌వర్క్ బాగుందో డెస్క్‌లో ఉన్నవాళ్లకీ ఓ అంచనా ఉంటుంది. సిగ్నల్ లేని కంపెనీ పేరు చెబితే ‘అలాగే సార్, మీ ఇష్టం’ అంటారు. పక్కింటివాళ్ల ఫోన్‌లో సిగ్నల్ చూసి, కంపెనీ వెబ్‌సైట్‌లో కవరేజ్ మ్యాప్ చూసి, నిజంగా వెళ్లగలిగిన కంపెనీ పేరే చెప్పండి.

అపోహ: తెలంగాణ నుంచి ఆంధ్రాకి మారితే వేరే సర్కిల్

సర్కిల్ అంటే టెలికాం లైసెన్సుల కోసం విడగొట్టిన ప్రాంతం. టెలికాంలో రెండు రాష్ట్రాలూ ఇంకా ఒకటే సర్కిల్, దాని పేరు ఆంధ్రప్రదేశ్. హైదరాబాద్ నంబర్‌ని విజయవాడలో పోర్ట్ పెట్టినా సర్కిల్ లోపలి లెక్కే: పోర్ట్ అవడానికి మూడు పనిదినాలు. బెంగళూరులోనో చెన్నైలోనో పెడితే ఐదు.

అపోహ: విదేశాల్లో బేరాలు నడవవు

బ్రిటన్‌లో అయితే ఇక్కడికంటే ఎక్కువే నడుస్తాయి. అక్కడ చదువుకి వెళ్లిన మన పిల్లలు 24 నెలల కాంట్రాక్ట్‌లో ఫోన్ తీసుకుని, గడువు తీరాక కూడా ఫోన్ ఖరీదు కలిసిన అదే మొత్తం కట్టేస్తుంటారు. కాంట్రాక్ట్ ముగిసే 10 నుంచి 40 రోజుల ముందు కంపెనీ తప్పనిసరిగా సమాచారం పంపాలని అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నియమం. ఆ మెసేజ్ వచ్చిన రోజే బేరానికి సరైన రోజు. నంబర్‌తో మారాలంటే పీ-ఏ-సీ అని 65075కి మెసేజ్ పెడితే కోడ్ వస్తుంది, అది 30 రోజులు చెల్లుతుంది. ఇండియా కాల్స్ కలిపి ఇచ్చే లెబారా, లైకా సిమ్‌ల రేటు చెప్పి మాట్లాడితే బేరం తెగే అవకాశం ఎక్కువ. 2025 జనవరి 17 తర్వాత తీసుకున్న కాంట్రాక్ట్ అయితే మధ్యలో ఎంత పెంచుతారో పౌండ్లలో, పెన్నీల్లో ముందే రాసి ఉండాలి. సంతకం పెట్టే ముందు అది చదవండి.

అపోహ: ఇస్తానన్న తగ్గింపు బిల్లులో రాకపోతే ట్రాయ్‌కి రాస్తే చాలు

ట్రాయ్ విడి కస్టమర్ల ఫిర్యాదులు పరిష్కరించదు. ముందు 198కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించి డాకెట్ నంబర్ (ఆ ఫిర్యాదు నంబర్) తీసుకోవాలి. తేలకపోతే అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లాలి. అక్కడా కాకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం వివాదాలు వాళ్లు వినకూడదన్న వాదనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆఫర్ ఎస్సెమ్మెస్ దాచుకోమన్నది ఇందుకే.

అపోహ: పోర్ట్ అయిపోతే పాత కంపెనీతో తెగిపోయినట్టే

పోస్ట్‌పెయిడ్ నుంచి వెళ్లినవాళ్లకి చివరి బిల్లు ఒకటి వస్తుంది, చాలాసార్లు నంబర్ మారిపోయాక. దాన్ని వదిలేస్తే పాత కంపెనీ అడగ్గానే కొత్త కంపెనీ మీ నంబర్ ఆపేయాల్సి వస్తుంది. మొన్నటిదాకా బ్రహ్మాండంగా పనిచేసిన కొత్త సిమ్ హఠాత్తుగా మూగబోయిందని వచ్చే కాల్స్‌లో కొన్నిటికి కారణం ఇదే. పోర్ట్ అయ్యేలోపే పాత కంపెనీ యాప్‌లో బిల్లుకి మీ ఈమెయిల్ పెట్టి ఉంచండి. చివరి బిల్లు కట్టి రశీదు దాచుకోండి. సెక్యూరిటీ డిపాజిట్ ఎప్పుడైనా కట్టి ఉంటే అది తిరిగి ఇమ్మని కూడా అప్పుడే అడగండి.