లారీకి 720 రూపాయలు

మిర్యాలగూడ దాటి వాడపల్లి వైపు వెళ్తుంటే దారి పొడవునా సిమెంట్ లారీలే. నల్లగొండ చుట్టూ కనిపించే బోడగుట్టలు, గుండ్రటి బండలు కృష్ణ దగ్గరికి వచ్చేసరికి మాయమవుతాయి. పలకలు పేర్చినట్టుండే సున్నపురాయి మొదలవుతుంది.

ఆ గుట్టలు గ్రానైట్. భూమి లోపల కరిగిన రాయి మెల్లగా చల్లారి గట్టిపడి సుమారు 250 కోట్ల ఏళ్లయింది. సున్నపురాయి దానికి చాలా తర్వాత, ఇక్కడ సముద్రం ఉన్న కాలంలో పొరలు పొరలుగా పేరుకుంది. బోర్లు వెయ్యి అడుగులు దించుతాం కదా, ఒక్కచోటైనా పెట్రోలు ఎందుకు పడదని చిన్నప్పుడు అడిగేవాణ్ణి. పెట్రోలియం పుట్టాలంటే చచ్చిన సూక్ష్మజీవులు బురదలో కూరుకుపోయి, లోతున లక్షల, కోట్ల ఏళ్లు ఉడకాలి. కరిగి గడ్డకట్టిన గ్రానైట్‌లో ఆ సరుకే లేదు. అందుకే ఆ తవ్వకాలన్నీ కృష్ణా గోదావరి డెల్టాలో, దాని ముందున్న సముద్రంలో.

రాయి మారితే పెత్తనం కూడా మారుతుంది. చట్టం దృష్టిలో గ్రానైట్ చిన్న ఖనిజం, దాని సీనరేజీ, అంటే తవ్వినందుకు ప్రభుత్వానికి కట్టే రుసుము, రాష్ట్రం ఇష్టం. సిమెంటుకు వాడే సున్నపురాయికి లీజు ఇచ్చేది రాష్ట్రమే అయినా, 1957 నాటి గనుల చట్టం ప్రకారం రాయల్టీ రేటు ఖరారు చేసేది ఢిల్లీ. పెట్రోలియం, యురేనియం విషయంలో కేంద్రం మాటే చెల్లుతుంది.

2019 జాతీయ ఖనిజ విధానంలో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది: ఖనిజాలు అందరి ఉమ్మడి వారసత్వం, ప్రభుత్వం వాటికి ధర్మకర్త. నిజమే. వరి ఏటా పండుతుంది, తవ్విన సున్నపురాయి మళ్లీ రాదు. రాయల్టీని పంట డబ్బులా చూడకూడదు. అది పొలం అమ్మిన డబ్బు. దాన్ని ఎక్కడ పెట్టామన్నదే అసలు ప్రశ్న.

ఒక లారీ లెక్క చూద్దాం. మామూలు సున్నపురాయికి 2014లో టన్నుకు 80 రూపాయల రాయల్టీ పెట్టారు. 30 టన్నుల లారీకి 2,400. 2015లో చట్టం మార్చి, గనులున్న ప్రతి జిల్లాకూ ఒక ఖనిజ నిధి పెట్టారు. ఆ ఏడాది జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులైతే రాయల్టీలో 30 శాతం అదనంగా ఆ నిధికి కట్టాలి. అంటే లారీకి 720. ఆ తర్వాత వేలంలో ఇచ్చిన లీజులకు 10 శాతమే, 240. వేలం సొమ్ము రాష్ట్ర ఖజానాకు బాగానే వస్తుంది, కానీ బ్లాస్టింగ్ దుమ్ము మింగే ఊళ్ల కోసం పెట్టిన వాటా మూడో వంతుకు పడిపోతుంది. నాకిది న్యాయంగా అనిపించదు.

ఆ నిధిని ముందు మంచినీళ్లకు, వైద్యానికి, చదువుకు వాడాలని నియమం. మన జిల్లాలో మంచినీళ్లంటే మామూలు మాట కాదు. గ్రానైట్‌లోని ఫ్లోరైడ్ బోరునీళ్లలో కరిగి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటాక, ఎన్ని ఊళ్లలో ఎముకలు వంచిందో చూస్తూనే పెరిగాం.

యురేనియం సంగతి మరీ బరువైనది. లంబాపూర్, పెద్దగట్టు దగ్గర పాత గ్రానైట్ మీద కొత్త పొరలు పరుచుకున్న హద్దులో అది చేరింది. పక్కనే నాగార్జునసాగర్ నీళ్లు. ఇలాంటి ఖనిజంలో యురేనియం వెయ్యో వంతుకు అటూ ఇటూ. మిగతా రాయినంతా పొడి కొట్టి, రసాయనాలతో కడిగి, చెరువులాంటి గుంతలో శాశ్వతంగా నిలవ ఉంచాలి. రేడియం అందులోనే ఉండిపోతుంది. అది సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. దేశానికి కరెంటు కావాలి, ఒప్పుకుంటాను. కానీ అన్నేళ్లు ఆ గుంత పక్కన బతకాల్సినవాళ్లను అడగాలి కదా.

2003లో అడిగారు. ప్రజాభిప్రాయ సేకరణలో ఊళ్లవాళ్లు వద్దన్నారు, గని రాలేదు. 2019లో నల్లమలలోని అమ్రాబాద్ అడవుల్లో యురేనియం మాట వచ్చినప్పుడు చెంచులు, చుట్టుపక్కల జనం లేచి నిలబడితే శాసనసభే నల్లమలలో తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. 2025లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. అణు ఖనిజాల గనులకు ఇకపై ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు.