ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ మైనింగ్: అపోహలు - వాస్తవాలు

ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆటలో విసుగు పుట్టించే స్కిల్ అని మైనింగ్‌కి, అంటే రాళ్లు తవ్వి ఖనిజం తీసే పనికి, పేరు. ఆ విసుగులో సగం తప్పుడు లెక్కల వల్ల వచ్చేదే. ముందు ఒక్క సంగతి: ఈ ఆటలో సర్వర్ 0.6 సెకనుకోసారి కదులుతుంది. దాన్నే టిక్ అంటారు. రాయి మీద క్లిక్ చేశాక కొన్ని టిక్‌లకోసారి సర్వర్ పాచిక వేస్తుంది. పాచిక పారితే ఖనిజం మీ సంచిలో పడుతుంది, లేకపోతే మళ్లీ వేస్తుంది. గంటలో ఎన్ని పాచికలు వేశారు, ఎన్ని పారాయి, పారినదానికి ఎంత ఎక్స్‌పీ (లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు) వచ్చింది అన్నదే లెక్క. ఎవరేం సలహా ఇచ్చినా ఈ మూడింట్లో దేన్ని పెంచుతుందో అడగండి.

అపోహ: లెవెల్ పెరిగేకొద్దీ ఇంకా పెద్ద రాయికి మారిపోవాలి.

వాస్తవం: ఎక్స్‌పీ అంకెలు చూస్తే అలాగే అనిపిస్తుంది. ఇనుముకి 35, బొగ్గుకి 50, మిత్రిల్‌కి 80, అడమంటైట్‌కి 95, రూనైట్‌కి 125. కానీ తవ్వేసిన రాయి మళ్లీ నిండాలి కదా. ఇనుముకి 5.4 సెకన్లు చాలు. బొగ్గుకి దాదాపు అర నిమిషం, మిత్రిల్‌కి 2 నిమిషాలు, అడమంటైట్‌కి 4, రూనైట్‌కి ఏకంగా 12 నిమిషాలు పడుతుంది. పైగా పెద్ద రాళ్ల దగ్గర పాచిక పారడమూ కష్టమే. రూనైట్ డబ్బు కోసం తవ్వేది. లెవెల్ కోసం దాని పక్కన కాపలా కాస్తే కాపలా జీతం కూడా గిట్టదు.

ఇనుము ఎందుకు గెలుస్తుందో దగ్గరగా చూడండి. అటూ ఇటూ మూడు ఇనుప రాళ్లు అందేలా ఒకే గడిలో నిలబడాలి, అడుగు కదపకూడదు. రూన్ పికాక్స్‌తో (పికాక్స్ అంటే రాయి తవ్వే పనిముట్టు) 3 టిక్‌లకో పాచిక. ప్రతి రాయీ మొదటి పాచికకే లొంగితే మూడు రాళ్లకి 9 టిక్‌లు, అంటే 5.4 సెకన్లు. సరిగ్గా అప్పటికి మొదటి రాయి మళ్లీ నిండుతుంది. ఈ పికాక్స్‌తో గంటకి 2,000 ఖనిజాలు, 70,000 ఎక్స్‌పీ పై హద్దు. పారని పాచికలూ, సంచి ఖాళీ చేసే సమయమూ పోను చేతికొచ్చేది అంతకన్నా తక్కువే, కానీ ఉచిత ఖాతాలో ఇలా ఆడుకోగల పద్ధతి ఇంకోటి చూపించడం కష్టం. 15వ లెవెల్‌లో ఇనుము పట్టుకుంటే చాలాకాలం వదలక్కర్లేదు.

అల్ ఖరీద్ ఊరికి ఉత్తరాన ఉన్న గనిలో ఇలాంటి మూడు రాళ్ల చోటు ఉంది. అక్కడ 14వ లెవెల్ తేళ్లు తిరుగుతుంటాయి. మీ పోరాట లెవెల్ 29 చేరేదాకా అవే వచ్చి కుడతాయి. ఆటో రిటాలియేట్ (కొట్టినవాళ్లని తనంతట తానే తిరిగి కొట్టే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే మీ పాత్ర తవ్వకం ఆపేసి తేలు వెంట పడుతుంది, మీరేమో పక్క ట్యాబ్‌లో ఉంటారు. దాన్ని ఆఫ్ చేసి, తినడానికి రెండు మూడు చేపలు పెట్టుకోండి. ఆ రాళ్లు అందరివీ. పక్కవాడు ముందు తవ్వేస్తే అప్పటిదాకా మీరు కాచుకున్నదంతా వృథా. వాదన పెట్టుకోకుండా వరల్డ్ (అదే ఆట నడిచే ఇంకో సర్వర్) మార్చుకోవడం మేలు.

అపోహ: తవ్వింది పారేయడం దండగ, బ్యాంకులో దాచుకోవాలి.

వాస్తవం: 28 గడుల సంచి నిండటానికి అంతా కలిసొస్తే 50 సెకన్లు. బ్యాంకుకి వెళ్లి రావడానికి ఇంకో 50 సెకన్లు పట్టిందనుకోండి, మీ ఎక్స్‌పీ వేగం అక్కడికక్కడే సగం. లెవెల్ కావాలంటే పారేయాలి, డబ్బు కావాలంటే మోయాలి. రెండూ ఒకేసారి కావాలంటే రెండూ నెమ్మదిగానే వస్తాయి. సెట్టింగ్స్‌లో షిఫ్ట్ క్లిక్ డ్రాప్ ఆన్ చేసి, షిఫ్ట్ నొక్కిపట్టి, నిలువు వరసల్లో పైనుంచి కిందికి, పక్క వరసలో కిందనుంచి పైకి క్లిక్ చేస్తూ పోండి. ఒక్కో ఖనిజం మీద రైట్ క్లిక్ చేసి డ్రాప్ ఎంచుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. చూస్తే జాలేస్తుంది.

అపోహ: మంచి పికాక్స్ ఉంటే ఖనిజం దొరికే అవకాశం పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. పికాక్స్ వల్ల మారేది పాచికకీ పాచికకీ మధ్య ఎడం. కంచు పికాక్స్‌కి 8 టిక్‌లు, ఇనుముకి 7, ఉక్కుకి 6, బ్లాక్‌కీ మిత్రిల్‌కీ 5, అడమంట్‌కి 4, రూన్‌కి 3. పాచిక పారే అవకాశాన్ని పెంచేది మీ మైనింగ్ లెవెల్. చెట్లు కొట్టడంలో కథ తిరగబడుతుంది: ఏ గొడ్డలైనా 4 టిక్‌లకోసారే పాచిక, మంచి గొడ్డలికి అవకాశం ఎక్కువ. ఈ గందరగోళమంతా అక్కడినుంచి ఇక్కడికి అంటుకున్నదే.

పై వరస మళ్లీ చదవండి. బ్లాక్ పికాక్స్ 11వ లెవెల్‌లో వాడొచ్చు, మిత్రిల్‌ది 21లో. వేగం ఒకటే. క్లూ స్క్రోల్‌లో (నిధి వేట చీటీలో) బ్లాక్‌ది తగిలితే అమ్మకండి, 31లో అడమంట్ వచ్చేదాకా మిత్రిల్ కొనే పని లేదు. ఆ తర్వాత 41లో రూన్. 61లో వచ్చే డ్రాగన్ పికాక్స్ కూడా 3 టిక్‌లదే, ఆరింట ఒక్కసారి మాత్రం 2 టిక్‌లకే పాచిక వేస్తుంది. సగటున సుమారు 6 శాతం వేగం. ఉంటే మంచిదే, అప్పు చేసి కొనేంత వస్తువు కాదు.

రూన్ పికాక్స్ చేత పట్టడానికి అటాక్ అనే పోరాట స్కిల్ 40 కావాలి. లేకపోతే సంచిలో పెట్టుకున్నా తవ్వొచ్చు, ఒక గడి పోతుంది, అంతే.

అపోహ: మొదటి లెవెల్స్ రాగి, తగరం తవ్వే దాటాలి.

వాస్తవం: డోరిక్స్ క్వెస్ట్‌కి (క్వెస్ట్ అంటే ఆటలో అప్పగించే కథ పని) 6 క్లే, 4 రాగి, 2 ఇనుప ఖనిజాలు ఇస్తే 1,300 ఎక్స్‌పీ వస్తుంది. ఒకటో లెవెల్ నుంచి నేరుగా పదికి. వాటిని గ్రాండ్ ఎక్స్ఛేంజ్‌లో, అంటే ఆటగాళ్ల సంతలో, కొనేసుకోవచ్చు. మెంబర్‌షిప్ (డబ్బు కట్టే ఖాతా) ఉంటే ప్లేగ్ సిటీ అనే క్వెస్ట్ 2,425 ఎక్స్‌పీ, ద డిగ్ సైట్ అనేది 15,300 ఇస్తాయి. మూడూ కలిపితే రాయి ముట్టకుండానే 33వ లెవెల్. డిగ్ సైట్‌కి మాత్రం వేరే స్కిల్స్‌లో ఎజిలిటీ 10, హెర్బ్‌లోర్ 10, థీవింగ్ 25 ముందే ఉండాలి.

అపోహ: ప్రాస్పెక్టర్ దుస్తులు లేకుండా మొదలుపెట్టొద్దు.

వాస్తవం: నాలుగూ వేసుకుంటే 2.5 శాతం అదనపు ఎక్స్‌పీ. ఖరీదు 180 బంగారు నగ్గెట్లు, దొరికేది మదర్‌లోడ్ మైన్ అనే గనిలో. చివరి లెవెల్ 99 దాకా వెళ్లాలంటే 1,30,34,431 ఎక్స్‌పీ కావాలి, అందులో ఆ దుస్తులు మూడు లక్షల పైచిలుకు తగ్గిస్తాయి. 70తో ఆపేసేవాళ్లకి మొత్తం 7,37,627లో మిగిలేది 18,000 లోపే, పైగా మొదటి రోజు నుంచీ ఒంటి మీద ఉంటేనే. ఇనుము దగ్గర అరగంట పని అది.

మదర్‌లోడ్‌లో ఇంకో భ్రమ, ఫలానా గోడలో రూనైట్ ఎక్కువ పడుతుందని. అక్కడ ఏ గోడైనా ఒకటే పే డర్ట్ (ఖనిజం కలిసిన మట్టి) ఇస్తుంది, కడిగాక ఏం తేలుతుందో మీ మైనింగ్ లెవెల్‌ని బట్టి. 72వ లెవెల్‌లో తెరుచుకునే పై అంతస్తుకీ ఇదే వర్తిస్తుంది. అక్కడ రద్దీ తక్కువ.

అపోహ: మైనింగ్ గిల్డ్ అనే ప్రత్యేక గనిలో 7 లెవెల్స్ కలుస్తాయి కాబట్టి 78లోనే రూనైట్ తవ్వొచ్చు.

వాస్తవం: 60వ లెవెల్‌లో గిల్డ్ తలుపు తెరుచుకుంటుంది, మెంబర్లకి లోపల కనిపించని 7 లెవెల్స్ దన్ను ఉంటుంది. అది పాచిక పారే అవకాశాన్ని లెక్కించేటప్పుడు మాత్రమే పనికొస్తుంది. రాయి తవ్వడానికి అర్హత తెర మీద కనిపించే మీ లెవెల్‌దే, రూనైట్‌కి 85 ఉండాల్సిందే. అయినా గిల్డ్‌కి వెళ్లండి, మెంబర్లకి రాళ్లు బయటికన్నా దాదాపు సగం సమయంలో నిండుతాయి.

అపోహ: 92 వచ్చిందంటే అయిపోయినట్టే.

వాస్తవం: 92కి 65,17,253 ఎక్స్‌పీ. పైన రాసిన 99 అంకెలో ఇది ఎంతో మీరే చూసుకోండి.